కిరీటం ఇంట్లో ఉన్న వారం

మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమనే కాగితాన్ని ఎర్మెలిందా వదిన మా వంటింట్లోనే కూర్చుని, నేను పోసిచ్చిన ఆకుకూర సూపు తాగుతూ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నవ్వింది. మేమూ నవ్వాం. 

అవి ఈస్టరుకు ముందు రోజులు. ఊళ్లో ఆఖరి కర్టెన్ల మిల్లు మూతపడి, శీతాకాలమంతా మా ఆయన జెఫెరినో ఇంట్లోనే ఉన్నాడు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి నేను తెచ్చేది తిండికీ కరెంటుకీ సరిపోయేది. అద్దె ఆగిపోయింది. మాది మూడంతస్తుల చెక్క ఇల్లు. కింద ఇంటావిడ ఎర్మెలిందా, మధ్యలో మేము, పైన కొత్తగా దిగిన కుర్ర జంట. వదిన అని పిలవడం మాటవరసకి కాదు. మా అమ్మాయి క్రిస్టల్‌కి జ్ఞానస్నానం చేయించిన నాడు బిడ్డను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆవిడ. మా దీవుల నుంచి సముద్రం దాటి ఈ దేశానికి వచ్చినవాళ్లలో ఆ చుట్టరికం రక్తం కన్నా గట్టిది. అందుకే ఆవిడ అద్దె అడగలేదు. మేమూ ఆ మాట ఎత్తలేదు. మెట్ల మీద ఎదురుపడితే మంచు ఎప్పుడు కరుగుతుందా అని మాట్లాడుకునేవాళ్లం.

చివరికి నేనే సిగ్గు చంపుకుని అద్దె సాయం ఇచ్చే ఆఫీసుకి వెళ్లాను. "ఇంటావిడ మిమ్మల్ని వెళ్లగొడుతోందా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. "అయ్యో, అదేం మాట, ఆవిడ మా వదిన" అన్నాను. "అయితే సాయం రాదమ్మా. ఖాళీ చేయమని నోటీసు ఉంటేనే ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నట్టు" అంది. ఆ మాట వచ్చి వదినకి చెబితే, వారం తిరక్కుండా ఆవిడ లాయరు చేత రాయించుకొచ్చిన కాగితం అది.

"నేను మంచిదాన్నై ఇన్నాళ్లూ మీకు చెడు చేశానన్నమాట" అంది సూపులో రొట్టె ముంచుకుంటూ.

జెఫెరినో కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. "ఒసేయ్ ఒడీలియా, మూటలు కట్టవే! పొమ్మంటోంది మీ వదిన. ఇదిగో వదినా, మంచం నేనొక్కణ్ణే దించలేను. నువ్వో చెయ్యి వెయ్యాలి."

"మంచం ఇక్కడే వదిలేసి నువ్వు పో. మిల్లు మూసిన దగ్గర్నుంచీ నువ్వు దాని మీద నుంచి దిగడం నేను చూస్తేనా!"

"చూశావే ఒడీలియా, అప్పుడే ఇంటి ఓనరు గొంతొచ్చేసింది!"

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

తర్వాత రొట్టెల కొట్లో ఎవరో అన్నారు, నోటీసు ఉన్నవాళ్లు వరసలో నిలబడతారు, కోర్టు కేసు ఉన్నవాళ్లు వరసలో ముందుకెళతారు అని. నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు? అందరూ అనేదే మేమూ నమ్మాం. "వేసెయ్ వదినా కేసు" అన్నాడు జెఫెరినో, పేకాటలో ముక్క వేసెయ్ అన్నట్టు. ఆవిడ వేసింది.

సాయం డబ్బు మా చేతికి రాదు. నేరుగా ఇంటి యజమానికే ఇస్తారు. దానికి ఆవిడ వైపు నుంచి కూడా వివరాలు వెళ్లాలి. ఆ కాగితాలు ముందేసుకుని మా బల్ల దగ్గర కూర్చుంది వదిన. కళ్లజోడు ముక్కు చివరకి జారింది.

"ఇదేంటో చదివావా? డబ్బు తీసుకుంటే ఏడాది దాకా మిమ్మల్ని కదపకూడదట. అద్దె పెంచకూడదట."

"మంచిదేగా వదినా."

"మంచిదే" అంది. తలెత్తి పైకప్పుకేసి చూసింది. "పైవాళ్లు ఎంతిస్తున్నారో తెలుసా? మీకు రెట్టింపు. నేనడగలేదు. ఏజెంటు చెప్పిన అంకెకి వాళ్లే సరేనన్నారు. వినడానికి నాకే సిగ్గేసింది."

"సిగ్గెందుకు, తీసుకో" అన్నాను.

"బీమావాళ్లు ఉత్తరం రాశారు. ఇంటి కప్పు మార్చకపోతే బీమా తీసేస్తారట. బీమా లేకపోతే బ్యాంకు ఊరుకోదు." కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంట్లో నెమ్మదిగా నింపి పంపిస్తాలే."

నేను ఆవిడకి ఇంకాస్త కాఫీ పోశాను.

*

ఈస్టరు నుంచి పెంతెకోస్తు పండగ దాకా, ఏడు వారాలు, మా వాళ్లలో పవిత్రాత్మకి గుర్తుగా కొలిచే వెండి కిరీటం వారానికో ఇంట్లో ఉంటుంది. ఎవరింటికి రావాలో చీట్లు తీస్తారు. ఆఖరి వారం అన్నిటికన్నా గొప్పది. పెళ్లయిన నాటి నుంచి జెఫెరినో ప్రతి ఏడూ పేరు వేస్తూనే ఉన్నాడు. చేతిలో పని లేని ఆ ఏడాదే మాకు ఆఖరి వారం తగిలింది.

ముందుగదిలో సోఫా తీసేసి, మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, తెల్ల గుడ్డ కప్పి, పైన కిరీటం పెట్టాం. పువ్వులతో గోడ కనిపించలేదు. పాత మిల్లువాళ్లంతా చందా వేసుకుని పంపారు ఆ గులాబీలు. మాంసమూ వాళ్లదే, తీపి రొట్టెలూ వాళ్లవే. జెఫెరినో పరువు పోకూడదని, ఎవరితోనూ అనొద్దని వాళ్లే అన్నారు. వదిన గుమ్మంలో నిలబడి చూసి, "ఎన్ని గులాబీలే!" అంది. "అవును వదినా" అన్నాను. అంతకన్నా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

కిరీటం ఉన్నన్నాళ్లూ దీపం కొండెక్కకూడదు. తలుపు మూయకూడదు. ఎవరొచ్చినా సూపు పోయాలి. ఇంటాయన గడప దాటకూడదు. సరిగ్గా ఆ వారంలోనే కోర్టులో మా కేసు విచారణకి వచ్చింది.

"ఒక్క పూటేగా, నేనెళ్లొస్తా. ఒడీలియా ఉంటుంది దీపం దగ్గర" అన్నాడు జెఫెరినో.

వదిన చెంపలు వేసుకుంది. "తప్పు తప్పు! కిరీటాన్ని ఇంట్లో పెట్టుకుని కోర్టు మెట్లెక్కుతావా? కేసు వేసింది ఎవరు? నేను. వేసినదాన్ని నేనే వెళ్లి, అమ్మా ఇది సాయం కోసం వేసిన కేసు అంటే జడ్జి కాదంటుందా? మీరెక్కడికీ కదలకండి. నాకూ ఓ పుణ్యం దక్కనీ."

మాకు అంతకన్నా ఏం కావాలి? ఆవిడ నల్ల కోటు వేసుకుని బస్సెక్కడం మేడ మీద వరండాలోంచి చూశాను. ఆవిడ కోసమని మూలుగ ఎముక ఒకటి పక్కన తీసిపెట్టాను.

సాయంత్రం జపమాలకి జనం చేరుతుండగా పైకొచ్చింది. కోటు విప్పలేదు. కిరీటం ముందు మోకరించి లేచింది.

"ఏమైంది వదినా?"

"అయిపోయింది."

"ఏమన్నారు?"

"నీ సూపు మాడుతోంది, చూడు ముందు."

నిజంగానే అడుగంటుతోంది. పరుగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి వదిన జపమాల మొదలుపెట్టేసింది. గదిలో అందరికన్నా ఆవిడ గొంతే పైన వినిపించింది.

*

జూలైలో ఎండ మండిపోతున్న మధ్యాహ్నం కోర్టు మనిషి మెట్లెక్కి వచ్చాడు. లావుపాటి మనిషి, చొక్కా తడిసిపోయింది. మంచినీళ్లడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు తిరిగిచ్చి, కాగితం చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి పొద్దున లారీతో వస్తానమ్మా. ఈలోపు మీరే తీసుకుపోతే నయం. లేకపోతే సామాను గోడౌనుకి వెళుతుంది. మందులూ బిడ్డ కాగితాలూ దగ్గరుంచుకోండి."

"ఏ ఇంటికొచ్చారు మీరు?" అన్నాను.

ఆయన మా పేర్లు చదివాడు.

"ఇది పొరపాటండీ. ఇంటావిడ మా వదిన."

"అందరూ పొరపాటే అంటారమ్మా." పాపం, మెత్తగానే అన్నాడు. "ఆవిడ ఆపమంటే ఆపేస్తాను. ఒక్క మాట చాలు."

ఒక్క మాటే కదా! జెఫెరినో కాగితం పట్టుకుని నవ్వుతూ కిందికి దిగాడు. నేను వెనకాలే దిగాను.

"వదినా! నీ నాటకం ముదిరింది. లారీ కూడా మాట్లాడావట!"

వదిన పిండి చేతులతో తలుపు దగ్గరికొచ్చింది. నవ్వలేదు. లోపల రేడియో మోగుతోంది. వెనక్కి వెళ్లి దాన్ని ఆపింది. మళ్లీ వచ్చి నిలబడింది. జెఫెరినో మొహంలో నవ్వు ఇంకా పోలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే ఉండిపోయాడు.

"వాళ్లు మీ పేర్లు పిలిచారు" అందావిడ.

"ఎవరు?"

"కోర్టులో. ఒకటే పేర్లు. పిలుస్తున్నారు, ఎవరూ లేవట్లేదు. పిలుస్తున్నారు, ఎవరూ లేవట్లేదు. మీవీ పిలిచారు. చెబుదామనే నోరు తెరిచాను. తెరిచాను జెఫెరినో, ఆ కిరీటం తోడు. జడ్జి నాకేసి చూసి, వాళ్లు రాలేదా, అయితే ఇల్లు మీకే అంది." చేతికంటిన పిండి నలుపుకుంది. "నా మొగుడూ నేనూ కుట్టుమిషన్ల మీద కళ్లు పోగొట్టుకుని కొన్నాం ఈ ఇల్లు. ఇన్నేళ్లలో ఇది నీదని నాతో అన్నవాళ్లు లేరు. బ్యాంకు తనదంది. పన్నులవాళ్లు తమదన్నారు. నోరు మూసుకున్నాను."

 

"మరి సాయం డబ్బో?" అన్నాడు జెఫెరినో.

"వివరాలు పంపమని రాశారు. పంపలేదు. ఆ డబ్బు తీసుకుంటే ఏడాదిపాటు నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టు. పైవాళ్ల స్నేహితులు ఆగస్టులో దిగుతామన్నారు. రెట్టింపు ఇస్తారు. కప్పుకి సరిపోతుంది."

"ఆ మాట మాతో అనొచ్చుగా! పొండి అంటే పోయేవాళ్లం కదా!"

"ఎలా అంటాను?" మొదటిసారి ఆవిడ గొంతు లేచింది. "మీ మొహాలు చూసి పొండి అని ఎలా అంటాను? అనలేకే కదా శీతాకాలమంతా చచ్చాను! ఆ ఆఫీసమ్మాయే రాయించింది పొమ్మని. రాశాక తెలిసింది, అదేమంత కష్టం కాదని."

జెఫెరినో గోడకి ఆనుకున్నాడు. ఏదో ఒకటి అనాలి నేను. తిట్టాలి, ఏడవాలి. నా నోట్లోంచి వచ్చింది ఇదొక్కటే.

"ఆ సాయంత్రం జపమాల చెప్పావే వదినా."

"చెప్పాను" అంది. "మనసు పెట్టే చెప్పాను."

ఆవిడ అబద్ధమాడటం లేదు. అది మొహంలో తెలుస్తోంది. అదే నాకు మింగుడుపడలేదు.

"అద్దెకి డబ్బుల్లేవు గాని, గులాబీలకి ఉన్నాయి మీకు" అంది మళ్లీ, నేల చూస్తూ.

"అవి మిల్లువాళ్లు పంపారు" అన్నాడు జెఫెరినో. "మాంసం కూడా. మా ఇంట్లోంచి ఉప్పు తప్ప ఏం పోలేదు."

వదిన తలెత్తింది. 

"చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

కోర్టు మనిషి మెట్ల మలుపులో నిలబడి ఆవిడ వంక చూస్తున్నాడు. మా ముగ్గురికీ తెలుసు ఆయన దేనికోసం చూస్తున్నాడో. వదిన నోరు తెరిచింది. మూసుకుంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చప్పుడు కాకుండా, మెల్లగా, చంటిపిల్లలు నిద్రపోతున్న ఇంట్లో వేసినట్టు.

*

మర్నాడు కోర్టు తెరవకముందే గుమ్మం దగ్గర ఉన్నాం. వరండా బల్లల నిండా మాలాంటివాళ్లే. పేదవాళ్లకి ఊరికే సాయం చేసే ఓ చిన్న లాయరమ్మ మా కాగితాలు తిరగేసింది. ఆఫీసుకి ఫోను చేసింది. ఇంటావిడ వైపు నుంచి జవాబు రాలేదు కాబట్టి మా దరఖాస్తు మూసేశారట.

"అది మళ్లీ తెరిపించొచ్చు. కానీ వాయిదాకి ఎందుకు రాలేదు? జడ్జి అడిగే మొదటి మాట అదే."

లాయరమ్మ అప్పటికప్పుడు రాసిచ్చిన అర్జీ చూసి జడ్జి అదే అడిగింది. కోర్టు కబురు పెడితే వచ్చి ఆ పక్క బల్ల దగ్గర కూర్చుంది వదిన, అదే నల్ల కోటులో, అంత ఎండలో.

"ఇంట్లో కిరీటం ఉందండి" అన్నాడు జెఫెరినో మా భాషలో.

మా మాటల్ని ఇంగ్లీషులోకి చెప్పడానికి పెట్టిన అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించింది. ఆ పిల్లా మా వాళ్ల పిల్లే. చెప్పింది.

జడ్జి కళ్లజోడు తీసింది. "ఎవరి కిరీటం?"

"పవిత్రాత్మదండి."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మరెవరో ఉష్ అన్నారు. జడ్జి నవ్వలేదు. వదిన వైపు తిరిగింది.

"వీళ్ల ఇంట్లో అది ఉన్న మాట మీకు తెలుసా?"

"తెలుసు."

"రావద్దని మీరు చెప్పారా?"

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. లాయరమ్మ కలం ఆపింది. కాదు అంటే చాలు ఆవిడకి. మా దగ్గర సాక్ష్యం లేదు, ఆ మాట అన్నప్పుడు మేం ముగ్గురమే ఉన్నాం. మర్నాడు పొద్దున లారీ వస్తుంది.

"చెప్పాను" అంది వదిన. "వీళ్ల తరఫున నేను చెబుతానన్నాను. చెప్పలేదు."

వెనకున్న లాయరు ఆవిడ కోటు పట్టి లాగాడు. ఆవిడ కూర్చుంది.

అంతే. ఆ తీర్పు కొట్టేశారు. లారీని ఆపేశారు. ఇద్దరినీ ఓ చిన్న గదిలో కూర్చోబెట్టి రాజీ రాయించారు. పాత బాకీ మొత్తం అద్దె సాయం వాళ్లు ఆవిడ ఖాతాలో వేస్తారు. ఏడాది దాకా మేం కదలక్కర్లేదు, అద్దె పెరగదు. మీకేమైనా చెప్పాలనుందా అని రాజీ కుదిర్చిన ఆయన ఇద్దరినీ అడిగాడు. వదిన లేదంది. నేనూ లేదన్నాను. బయటికొచ్చాక ఒకే బస్సు కోసం నిలబడ్డాం. ఆవిడ ముందు ఎక్కింది. మేం తర్వాతి బస్సు ఎక్కాం.

ఆగస్టు చివర్లో డబ్బు వచ్చింది. మాకెవరూ చెప్పలేదు. కప్పు మీద మనుషులు ఎక్కి పాత పెంకులు విసిరేస్తుంటే తెలిసింది. జెఫెరినోకి రేవులో చేపలు కోసే చోట పని దొరికింది. క్రిస్టల్ మెట్ల మీద ఆవిడ ఎదురైతే, చిన్నప్పటి అలవాటు కొద్దీ "దీవించు, జ్ఞానమ్మా" అంటుంది. "దేవుడు చల్లగా చూడాలి నిన్ను" అంటుందావిడ. తలుపు వెనక నిలబడి రెండు గొంతులూ వింటాను. ఏం జరిగిందో పిల్లకి మేం చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

సెప్టెంబరు ఒకటిన అద్దె చెక్కు పట్టుకుని కిందికి దిగాను. తలుపు తట్టాను. అడుగులు దగ్గరికొచ్చాయి గాని గొళ్లెం తియ్యలేదు.

"చేతికి తీసుకోకూడదట" అంది లోపల నుంచి. "లాయరు చెప్పాడు. పోస్టులో పంపండి."

జ్ఞానస్నానం నాటి నుంచి నన్ను "ఏమే, ఒసే" అన్న మనిషి. కాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాను. అవతల ఆవిడా నిలబడే ఉంది. ఊపిరి వినిపిస్తోంది.

పోస్టాఫీసు కిటికీలో మా ఊరి ముసలాయనే ఉన్నాడు. కవరు మీద రెండు చిరునామాలూ చదివి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివాడు.

"రెండూ ఒకే ఇల్లు కదమ్మా! నాలుగు మెట్లు దిగి చేతికిచ్చేస్తే పోయేదానికి స్టాంపు దండగెందుకు?"

"ఒక్కటి చాలదండీ" అన్నాను. "ఏడాదికి సరిపడా ఇవ్వండి."